గోదావరీ లోయలోని వృక్షముల వంశచరిత్రము

మనుష్యులకు వంశవృక్షము వ్రాసియుంచుట మన దేశమున ప్రాచీనమైన ఆచారము. రాజుల వంశములను శాసనములు చెప్పును. కాపు కుటుంబముల గోత్రములను, పూర్వుల పేర్లను పిచ్చకుంట్లవారు ఇంటింటికి వచ్చి పాడి వినిపించెడివారు. తాత, తండ్రి, కొడుకు, మనుమడు అని కొమ్మలు రెమ్మలుగా సాగెడు ఈ పట్టికకు చెట్టు పేరే పెట్టిరి. అయితే ఆ చెట్టునకు మాత్రము వంశమెట్టిదో, దాని తాత ఎవరో విచారించినవారు నిన్న మొన్నటి వరకు మిక్కిలి తక్కువ.

రామగుండము, గోదావరిఖని ప్రాంతమున ఈ విచారణకు ప్రత్యేకమైన ప్రసక్తి కలదు. ఇచ్చట అడవులు రెండు. ఒకటి భూమిపైన నున్నది; అది టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగ చెట్ల అడవి. రెండవది భూమి లోపల బొగ్గుగా మారియున్నది. వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టుచున్నది ఆ రెండవ అడవియే. క్రింది అడవి తాత, పై అడవి మనుమడు అని సామాన్యముగా తలచుట కలదు. పూర్వము ఇదే అడవి కూలి, మన్ను కప్పబడి బొగ్గాయెనని బడిపిల్లలును చెప్పుదురు. చెట్లు కూలి బొగ్గగుట నిజమే కాని, అవి ఈ చెట్లు కావు, ఈ చెట్ల తాతలును కావు. ఈ సంగతి ఎట్లు తెలిసెనో చెప్పవలెనన్న రెండు విధములైన సాక్ష్యములను విచారింపవలెను. ఒకటి రాతిలో నున్నది. రెండవది బ్రదికియున్న ఆకులో నున్నది.

ముందుగా రాతి సంగతి. 1871వ సంవత్సరమున భారత భూగర్భ పరిశోధనా శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లందు సమీపమున బొగ్గును కనుగొనెను. అచ్చటి ముఖ్యమైన బొగ్గుపొరకు 'కింగ్ సీము' అను పేరు ఆయన వలన వచ్చినదే కాని ఏ రాజు వలనను వచ్చినది కాదు. 1886లో ఇంగ్లండున ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులను పొందెను. 1889లో బొగ్గు తీయుట మొదలయ్యెను. 1920 డిసెంబరు 23న ఆ సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీ అయ్యెను. 1945లో హైదరాబాదు ప్రభుత్వము అందులో అధిక భాగమును కొనెను. గోదావరి ఒడ్డున రామగుండము వైపు గనులు తెరచుట 1960 ప్రాంతపు మాట. గనిని 'బాయి' అని పిలుచు అలవాటు ఈ నేలకు నాటినుండియు నున్నదే.

గోదావరి, ప్రాణహిత నదులు పారు ఈ లోయ నీటి కోత వలన మాత్రమే ఏర్పడినది కాదు. భూమి పైపొర రెండు ప్రక్కల బీటలువారి, నడిమి భాగము మెల్లమెల్లగా క్రుంగగా ఏర్పడిన పొడవైన గుంట ఇది. వాయవ్యము నుండి ఆగ్నేయమునకు సాగియున్నది. ఈ సీమలోని సింగరేణి గనులు ఈ గుంటలోనే వరుసగా నున్నవి. దాని అడుగున హిమానీనదములు ఈడ్చుకొనివచ్చి పడవేసిన గుండ్లరాళ్ల పొర కలదు. ఎండకాలమున కాలు మోపరాని ఈ నేలపై ఒకప్పుడు మంచు పేరుకొని యుండెననుటకు ఆ గుండ్లే ప్రమాణము. ఆ కాలమున ఈ భూఖండము దక్షిణ ధ్రువమునకు చేరువగా నుండెను. మంచు కరగిన పిమ్మట లోయ బురదనేల యయ్యెను. ఆ బురదలో ఒక మహారణ్యము పెరిగెను. ఆకులు రాలి, మ్రాకులు కూలి, నీటి అడుగున గాలి తగులక కుళ్లకుండ నిలిచెను. నేల క్రుంగుచునే యుండుటచే వాని మీద మరల ఇసుక, మరల బురద, మరల అడవి వచ్చి చేరెను. ఇది సుమారు 28 కోట్ల సంవత్సరముల క్రిందటి మాట.

ఆ అడవిలో ప్రధానమైన వృక్షమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గ్లాసోప్టెరిస్. గ్రీకు భాషలో నాలుకవంటి ఆకుగల పర్ణమొక్క యని అర్థము. ఫ్రెంచి పండితుడు అడాల్ఫ్ బ్రోన్యార్ 1828లో ఈ పేరు పెట్టెను. ఆకు నాలుక ఆకారముననే యుండును; నడుమ ఒక బలమైన ఈనె, దానికి రెండు ప్రక్కల వలవలె అల్లుకొన్న సన్నని ఈనెలు. బొగ్గుపొరల నడుమను, వాని పైనను ఉండు నల్లని పలకరాతిని చీల్చినచో ఈ ఆకులు ఒకదానిపై నొకటి పరచినట్లు కానవచ్చును. బ్రోన్యార్ దీనిని పర్ణమొక్కలలో చేర్చెను. అది పొరపాటు. 1952లో దక్షిణాఫ్రికాకు చెందిన ఎడ్నా ప్లమ్‌స్టెడ్ అను విదుషి ఆకులకు అంటియున్న ఫలభాగములను వర్ణించి ప్రకటించిన పిమ్మట ఇది విత్తనములు గల వృక్షమని స్థిరపడెను. దాని వేళ్లు కణుపులు కణుపులుగా వెన్నెముకను పోలియుండును. బురదలో వేళ్లకు గాలి అందుటకు అట్టి నిర్మాణము అనుకూలించెనని చెప్పుదురు. కాండములో సంవత్సరమునకొక వలయము స్పష్టముగా నున్నది. అనగా ఎదుగుటకొక ఋతువు, ఎదుగుదల నిలిచిపోవుట కొక ఋతువు ఆనాడును ఉండెను. శీతకాలమునకు ముందు ఇవి ఆకులన్నియు రాల్చెడివని పలువురి అభిప్రాయము.

ఈ ఆకు చరిత్రలో మిక్కిలి విషాదకరమైన ఘట్టము గోదావరికి బహుదూరమున జరిగెను. 1912 జనవరి 17న ఆంగ్ల నావికుడు కెప్టెన్ స్కాటు నలుగురు సహచరులతో దక్షిణ ధ్రువమును చేరెను. తనకంటె ముందు నార్వే దేశపువారు వచ్చి పోయిరని అచ్చట తెలిసెను. తిరుగు ప్రయాణమున ఆహారము చాలక, చలికి కాళ్లు కొంకర్లు పోవుచుండగా, ఒక కొండ ప్రక్కన ఆగి రాళ్లను ఏరిరి. అందులో ఆకుల ముద్రలు కలవు. ఆ రాళ్ల బరువు సుమారు 16 కిలోలు. బండిని తామే లాగుకొనుచు, ఒక్కొక్క వస్తువును పారవేయుచు పోయినవారు ఆ రాళ్లను మాత్రము విడువలేదు. దారిలో ఇద్దరు మరణించిరి; మిగిలిన మువ్వురు మార్చి నెలలో గుడారమున మరణించిరి. నవంబరులో వెదకవచ్చినవారికి వారి శరీరముల చెంతనే రాళ్లు దొరికెను. ఆ ముద్రలు గ్లాసోప్టెరిస్ ఆకులవని కేంబ్రిడ్జి పండితుడు సీవార్డు 1914లో ప్రకటించెను. నేడు చెట్టన్నది మొలవని ధ్రువప్రదేశమునను, గోదావరి బొగ్గులోను, ఆస్ట్రేలియాలోను, దక్షిణాఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను అదే వృక్షము. దాని విత్తనములు సముద్రములు దాటి ఇన్ని చోట్లకు పోజాలవు. కావున ఈ భూభాగములన్నియు ఒకప్పుడు కలిసియుండెనను వాదమునకు ఈ నాలుక వంటి ఆకు బలమైన సాక్ష్యమయ్యెను.

ఆ మహాఖండమునకు గోండ్వానా యని పేరు. ఇది ఏ విదేశపు పదమో యని పాఠకులు తలపవలదు. గోండుల దేశమని దాని అర్థము. భూగర్భ శాఖకు చెందిన మెడ్లికాట్ 1872లో మధ్య భారతపు శిలలకు ఈ పేరు వాడెను. ఫైస్ట్‌మాంటెల్ 1876లో దానిని అచ్చులో నిలిపెను. ఆస్ట్రియా పండితుడు ఎడ్వర్డు సూస్ 1885లో మహాఖండమునకు అన్వయించెను. ఆదిలాబాదు అడవులలో నేటికిని నివసించు గోండుల పేరు ఈ విధముగా ఐదు ఖండముల శిలలపై వ్రాయబడియున్నది. తమ జాతి పేరునకు కలిగిన ఈ గౌరవము ఆ గూడెములవారిలో ఎందరి చెవిని పడినదో!

మన దేశమున ఈ విద్యకు దారి చూపినవాడు ఆచార్య బీర్బల్ సహానీ. లక్నోలో ఆయన స్థాపించిన పురావృక్ష పరిశోధనాలయపు భవనమునకు 1949 ఏప్రిల్ 3న ప్రధానమంత్రి నెహ్రూ శంకుస్థాపన చేసెను. వారము తిరుగకముందే, ఏప్రిల్ 10న, సహానీ మరణించెను. ఆయన భార్య సావిత్రి ఆ సంస్థను నిలువబెట్టెను. గోదావరి లోయలో బొగ్గు కొరకు వేసిన బోరు రంధ్రముల నుండి తీసిన రాతికడ్డీలను అచ్చటివారు అనేక సంవత్సరములుగా పరీక్షించుచున్నారు. రాతిని ఆమ్లములతో కరగించినచో కోట్ల సంవత్సరములనాటి పుప్పొడి రేణువులు చెడకుండ మిగులును. ఆ రేణువులలో అనేకములకు గాలిలో తేలుటకు రెండు ప్రక్కల రెండు తిత్తులు కలవు. ఏ పొరలో ఏ పుప్పొడి ఎక్కువగా నున్నదో లెక్కించి, ఏ పొర ముందుది, ఏది తరువాతిది యని నిర్ణయింతురు.

ఈ పుప్పొడి లెక్కలో ఒకచోట కథ తెగిపోవును. సుమారు 25 కోట్ల 20 లక్షల సంవత్సరముల క్రిందట భూమిపై జీవజాలమునకు మహావినాశము సంభవించెను. సైబీరియాలో బ్రహ్మాండమైన అగ్నిపర్వత ప్రవాహములు అందుకు ముఖ్యకారణమని నేటి విద్వాంసుల అభిప్రాయము. ఆ దెబ్బకు గ్లాసోప్టెరిస్ అడవి నశించెను. తరువాతి పొరలలో ఇతర జాతులు వచ్చెను. ప్రాణహిత తీరమున కోట అను గ్రామము పేర పిలువబడు శిలలలో మహాకాయములైన బల్లుల ఎముకలు దొరికెను. 1988లో పి. యాదగిరి వర్ణించిన కోటాసారస్ యామన్‌పల్లి గ్రామమున దొరికినదే. దాని అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రమున నిలువబెట్టబడియున్నది. ఆ బల్లులు మేసినది టేకు ఆకులను కాదు, మోదుగ ఆకులను కాదు. ఆ కాలపు శిలలలో రాయిగా మారిన మ్రాకులు సూదియాకుల జాతులకు చెందినవి. పూవు పూయు వృక్షములు అప్పటికింకను పైకి రాలేదు. వాని శిలాసాక్ష్యములు స్పష్టముగా కనబడుట సుమారు 13 కోట్ల సంవత్సరముల నుండియే. బొగ్గు అడవికిని నేటి అడవికిని నడుమ నున్న ఎడము ఎంతటిదో దీనివలన ఊహింపవచ్చును.

గ్లాసోప్టెరిసే పూవు పూయు వృక్షములకు మూలపురుషుడేమో యని కొందరు పండితులు ఊహించిరి. ఇచ్చటనే రాతి సాక్ష్యము చాలకపోవుచున్నది. రాయి రూపమును చూపును, రక్తసంబంధమును చూపజాలదు. ముఖము పోలినంతమాత్రమున ఇద్దరు అన్నదమ్ములని చెప్పలేము గదా! ఆ సంబంధమును తెలుపు సాక్ష్యము ప్రతి జీవి కణములోను నున్న డి.ఎన్.ఏ. అను పదార్థము. దాని నిర్మాణమును 1953లో వాట్సన్, క్రిక్ అనువారు ప్రకటించిరి. రోజలిండ్ ఫ్రాంక్లిన్ తీసిన ఛాయాచిత్రము అందుకు ఆధారమయ్యెను. మెలివేసిన నిచ్చెనవంటి ఆ పదార్థములో నాలుగే నాలుగు రసాయనిక ఘటకములు కోట్లకొలది వరుసదీరి యుండును. వానిని అక్షరములనుట వాడుక. ఆ వరుసను చదువు విధానమును ఇంగ్లండునకు చెందిన సాంగర్ 1977లో సులభపరచెను.

గ్రంథాలయమునకు వచ్చువారికి ఈ విద్య పూర్తిగా క్రొత్తది కాదు. అచ్చుయంత్రము రాకముందు పుస్తకములు తాటియాకులపై నుండెను. ఒక ప్రతిని చూచి మరియొక ప్రతి వ్రాయునప్పుడు లేఖకుడు ఒక అక్షరము తప్పును. ఆ తప్పుతో గూడిన ప్రతిని చూచి వ్రాసినవారందరును ఆ తప్పును దింపుకొందురు. తమ తప్పులను కొన్నిటిని చేర్చుదురు. కావున రెండు ఊళ్లలో దొరికిన రెండు ప్రతులలో ఒకే చోట ఒకే తప్పున్నచో, ఆ రెండును ఒకే తల్లిప్రతికి పుట్టినవని చెప్పవచ్చును. పూనాలోని భండార్కరు సంస్థ పండితులు మహాభారతమునకు పరిశోధిత ప్రతిని సిద్ధపరచినది ఈ న్యాయముతోనే. బ్రౌను దొర వేమన పద్యములకు పలుప్రతులు తెప్పించి పోల్చి చూచినదియు ఈ త్రోవలోనిదే. వృక్షము విత్తనములో తన డి.ఎన్.ఏ.కు ప్రతి వ్రాసి యిచ్చును. అందు అప్పుడప్పుడు ఒక అక్షరము మారును. ఆ మార్పు సంతతి యంతటికి సంక్రమించును. రెండు జాతుల మధ్య భేదములెన్నియో లెక్కించినచో అవి ఎంత దూరపు చుట్టములో తెలియును. భేదములు కొంచెమించుమించుగా కాలక్రమమున చేరుచుండును గనుక అవి ఒకవిధమైన గడియారముగ కూడ పనికివచ్చును. అయితే ఆ గడియారమునకు ముల్లు సరిచేయవలసినది మరల రాతియే. ఏదో ఒక కొమ్మకు శిలలో దొరికిన వయస్సు తెలిసినగాని తక్కిన కొమ్మల వయస్సు లెక్కకు రాదు.

ఈ రెండు సాక్ష్యములును చక్కగా కలిసివచ్చిన వృక్షమొకటి కలదు. అది ఇచ్చట పెరుగదు. కిరాణాదుకాణములో బాదము ప్రక్కన కనబడు అక్రోటు కాయ దానిదే. మన దేశమున పండు అక్రోటులో అత్యధికభాగము కాశ్మీరముది. దాని పెంకు గట్టిది గనుక శిలలలో బాగుగా నిలిచెను; అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున సుమారు 4 కోట్ల 40 లక్షల సంవత్సరములనాటి అక్రోటు కాయలు రాళ్లై దొరికెను. జాతి వయస్సునకు ఆధారము దీనివలన చిక్కెను. మెదడును పోలిన పప్పు నిచ్చు వాడుక అక్రోటు ఏ శాఖకు చెందినదను ప్రశ్న మాత్రము తెగలేదు. అమెరికాలో నల్ల అక్రోటుల శాఖ యొకటి, తూర్పు ఆసియాలో మరియొక శాఖ కలవు. వాడుక అక్రోటును ఒకరొక శాఖ ప్రక్కన, మరియొకరు వేరుగ నిలిపిరి. 2016లో దాని డి.ఎన్.ఏ. పూర్తి వరుస ప్రకటింపబడెను. 2019లో పలుజాతుల వరుసలను పోల్చి చూచినవారికి చిత్రమైన సంగతి కనబడెను. దానిలో కొన్ని భాగములు అమెరికా శాఖను, కొన్ని భాగములు ఆసియా శాఖను పోలియున్నవి. రెండు ప్రతులను ముందుంచుకొని ఒక లేఖకుడు ఒక పుట దీనినుండి, ఒక పుట దానినుండి వ్రాసినట్లున్నది. సుమారు 35 లక్షల సంవత్సరముల క్రిందట ఆ రెండు శాఖలు కలిసి సంకరమై యీ జాతి పుట్టెనని వారు నిర్ణయించిరి. ఇన్నాళ్ల వివాదమునకు కారణమిదియే. ఏ ఒక్క శాఖకో దానిని కట్టివేయ జూచినవారికి అది లొంగకపోవుట సహజము. రాతిలోని పెంకులు ఎన్ని దొరికినను ఈ రహస్యము బయటపడెడిది కాదు.

అక్రోటు వలన మరియొకటి తెలిసెను. ఆ కాయ బరువైనది, గాలికి ఎగురదు. ఐనను ఆసియాలో దూరదేశములందలి చెట్ల డి.ఎన్.ఏ. పోలికలు పూర్వపు పట్టు వర్తకపు దారుల వెంట సాగియున్నవని 2015లో ప్రకటించిన పరిశోధన తెలిపెను. బిడారులలోని వర్తకులు సంచులలో మోసికొనిపోయినదే ఆ చెట్టు ప్రయాణము.

మరి గోదావరిఖని బొగ్గులోని ఆకునుండి డి.ఎన్.ఏ. తీసి ఈ విధముగ చదువరాదా? చదువరాదు. 1990లో అమెరికా శాస్త్రజ్ఞులు 1 కోటి 70 లక్షల ఏండ్లకు పైబడిన మాగ్నోలియా ఆకు శిలాజమునుండి డి.ఎన్.ఏ. తీసితిమని ప్రకటింపగా లోకమంతయు ఆశ్చర్యపడెను. తరువాతివారు దానిని నమ్మదగినదిగా అంగీకరింపలేదు. 2012లో న్యూజీలండునకు చెందిన మోవా పక్షుల ఎముకలను పరీక్షించి, ఆ పరిస్థితులలో 521 సంవత్సరములకొకమారు డి.ఎన్.ఏ. లంకెలలో సగము తెగిపోవునని లెక్కకట్టిరి. మంచులో నున్నచో ఎక్కువ కాలము నిలుచును. 2022లో గ్రీన్లండు మంచునేలనుండి 20 లక్షల సంవత్సరములనాటి డి.ఎన్.ఏ.ను చదివి, నేడు ఎడారివలె నున్న ఆ చోట ఒకప్పుడు భూర్జ వృక్షములు, పోప్లారు వృక్షములు ఉండెనని కనుగొనిరి. ఇంతవరకు చదివినవానిలో మిక్కిలి ప్రాచీనమైన వానిలో ఇది యొకటి. 20 లక్షలెక్కడ, 28 కోట్లెక్కడ! పైగా బొగ్గు నేలలోతున వేడికిని బరువునకును నలిగి పుట్టినది. అందు కర్బనము మిగిలెను, అక్షరములు మిగులలేదు. గ్లాసోప్టెరిస్‌కు నేడు బ్రదికియున్న వారసుడని రుజువైన వృక్షము లేదు గనుక, పోల్చి చూచుటకు రెండవ ప్రతియు లేదు. ఆ వంశపు గ్రంథము పూర్తిగా దగ్ధమయ్యెను. అట్టమీది బొమ్మ మాత్రము పలకరాతిపై నిలిచెను.

ఇక పై అడవిని చూతము. ఇందు అక్షరములన్నియు ఉన్నవి. టేకు విషయమునే తీసికొనవచ్చును. పూవుల నిర్మాణమును బట్టి పూర్వపు వృక్షశాస్త్రజ్ఞులు టేకును, వావిలిని, గుమ్మడిటేకును వెర్బినా కుటుంబమున చేర్చియుండిరి. మన అడవుల గురించిన పాత గ్రంథములన్నిటిలో అట్లే కలదు. 1993లో అనేక దేశములవారు కలిసి సుమారు 500 విత్తన వృక్షజాతులలో ఆకుపచ్చకు సంబంధించిన ఒక జన్యువును చదివి పోల్చిరి. 1998లో పూవు పూయు మొక్కల కుటుంబములను డి.ఎన్.ఏ. ననుసరించి మరల ఏర్పరచిరి. ఆ దశాబ్దమున జరిగిన పునర్విచారణలో టేకు, వావిలి, గుమ్మడిటేకు మూడును పాత ఇల్లు విడిచి తులసి కుటుంబమున చేరెను. నూరడుగుల టేకు మ్రానునకును తులసికోటలోని మొక్కకును చుట్టరికమనిన ఎవరును నమ్మజాలరు. కాని లేత టేకు కొమ్మను విరిచి చూచినచో అది గుండ్రముగ గాక నాలుగు పలకలుగ నుండును. ఆకులు ఎదురెదురుగ నుండును. తులసి కాడయు నాలుగు పలకలదే, ఆకులును ఎదురెదురే. గురుతు కండ్లయెదుట ఎప్పుడును ఉన్నదే. అక్షరములు చెప్పిన తరువాతనే దానికి విలువ కలిగెను.

టేకు తన సహజస్థితిలో భారతదేశము, మయన్మార్, థాయిలాండు, లావోసు దేశములందు మాత్రమే పెరుగును. ఈ దేశముల టేకు చెట్ల డి.ఎన్.ఏ.ను పోల్చగా, భారతదేశపు టేకు తూర్పు దేశముల టేకునకు స్పష్టముగ వేరైన శాఖయని తేలెను. అంతే కాదు, మన టేకులో చెట్టునకు చెట్టునకు గల భేదములు తూర్పుదానికంటె అధికము. పాఠభేదములు అధికముగ గల ప్రతులు ఏ సీమలో దొరకునో ఆ సీమలో ఆ గ్రంథము చిరకాలము చదువబడినదని అనుమానింతుము గదా, ఇదియు అట్టిదే. 2018లో కోయంబత్తూరులోని అటవీ పరిశోధకులు టేకు సమగ్ర డి.ఎన్.ఏ. వరుసను చిత్తుప్రతిగ ప్రకటించిరి. అందలి అక్షరములు 30 కోట్లకు పైగా నున్నవి. ఒక దూలమును చూచి అది ఏ సీమ అడవిదో నిర్ణయించుటకు కూడ ఇట్టి జ్ఞానము దారితీయుచున్నది. దొంగకలప వ్యవహారములు పెక్కు జరుగు చోట్ల ఇది అల్పమైన సంగతి కాదు.

ఈ గ్రంథము కాగితముపై నున్నది కాదు, చెట్టులో నున్నది. కేరళలోని నిలంబూరున 1840 దశకములో కలెక్టరు కోనొలీ, చాతుమేనను అనువారు టేకు తోటలను మొదలుపెట్టినది మొదలు, మేలైనదని పేరుపడిన టేకు విత్తనము ఒక సీమనుండి మరియొక సీమకు పోవుచునే యున్నది. తోటలో పెంచిన చెట్టు ఏ సీమ విత్తనమునకు పుట్టినదో ఆ సీమ అక్షరములనే కలిగియుండును. టేకు పూవులను పురుగులు వాలి సంపర్కము చేయును. చాలవరకు చెట్టు తన పుప్పొడిని తాను గ్రహింపక ఇతర వృక్షపు పుప్పొడిని కోరును. కావున తెచ్చి నాటిన చెట్టును, ప్రక్కనున్న అడవి చెట్టును కలిసి విత్తనము కట్టును. నాలుగు తరములు గడచిన పిమ్మట ఆ నేలలో పూర్వమేమి యుండెనో తేల్చుట కష్టము. అక్రోటు సంకరమును విడదీయగలిగినది తల్లిశాఖలు రెండును వేర్వేరుగ నిలిచియుండుట వలననే.

ఓపెన్ కాస్టు గనిలో పని సాగు క్రమము గమనింపదగినది. మొదట పోవునది అడవి. తరువాత మన్ను. తరువాత ఇసుకరాయి పొరలు, పలకరాయి. కడపట బొగ్గు. ఈ లోయ తన చరిత్రను వ్రాసికొన్న క్రమమునకు ఇది సరిగా తలక్రిందు. త్రవ్విపోసిన రాతిమట్టి 'ఓబీ గుట్టలు'గా పేరుకొనును. వానిపై సంస్థవారు మొక్కలు నాటుదురు. గుట్టలు పచ్చబడుట మంచిదే. దుమ్ము తగ్గును, మట్టి జారకుండ నిలుచును. కాని పచ్చదనము వేరు, వంశము వేరు. నాటినది ఏ విత్తనమో, ఆ విత్తనము ఏ అడవిదో వ్రాసియుంచకున్నచో, నూరేండ్ల తరువాత ఆ ఆకును చదువువానికి అది రామగుండము టేకో, మరియొక సీమ టేకో తెలియదు. బొగ్గు కొరకు పైకి తీసి గుట్టలలో పోసిన పలకరాళ్లలోని గ్లాసోప్టెరిస్ ఆకు కూడ రెండు వర్షములకు పొడియగును. ఏరి పెట్టెలో పెట్టినచో నిలుచును. అది రాయి గనుక దానికి వేరు సంరక్షణ అక్కరలేదు. చెట్టును పెట్టెలో పెట్టుటకు వీలుపడదు.

దానికి వేరు ఉపాయము కలదు. ప్రాణహితకు ఎగువన, మహారాష్ట్రములోని చంద్రపూరు దగ్గర లోహారా అను చోట టేకునకు ఒక జాతీయ సంరక్షణక్షేత్రమున్నది. దేశములోని వేర్వేరు రాష్ట్రముల అడవులలో మేలని ఎన్నుకొన్న టేకు వృక్షములనుండి కొమ్మలను, మొగ్గలను తెచ్చి అచ్చట అంటుకట్టి పెంచిరి. ఏ చెట్టు ఏ అడవినుండి వచ్చెనో ఆ గురుతు వ్రాసి యుంచెదరు. అంటుకట్టిన చోటికి పైన నున్నదంతయు దూరపు అడవిలోని తల్లిచెట్టు అక్షరములే. నేలలో నున్న వేళ్లు మాత్రము వేరు మొక్కవి.